రాసినోళ్ళ పేరు రాసే గడి

పోయిన నెల ఒక ఆదివారం పాత హార్డ్ డిస్కు ఒకటి దుమ్ము దులిపి, అందులో ఉన్నవి కొత్తదాంట్లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. ఇంజినీరింగు హాస్టల్ రోజుల నుంచి పోగేసిన పాటల ఫోల్డర్లు. పక్క రూముల్లోంచి లాన్ మీద లాగినవి, నాంపల్లిలో కొన్న సీడీల నుంచి రిప్ చేసినవి... ఏది ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. ఇలాంటి పనులు పది నిమిషాల్లో అయిపోతాయనుకుంటాం. అవవు. ఏదో ఒక పాట తగులుతుంది, ఇంక పని అక్కడే ఆగిపోతుంది.

నాకు తగిలింది 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్'. 1965లో వచ్చిన సినిమా, రాబర్ట్ వైజ్ డైరెక్షను, జూలీ ఆండ్రూస్ హీరోయిను. మనవాళ్ళకి దాని కథ ఇంకో దారిలో తెలుసు. తమిళంలో 'శాంతి నిలయం' (1969), హిందీలో గుల్జార్ తీసిన 'పరిచయ్' (1972)... తల్లి లేని అల్లరి పిల్లలు, కరుకు మనిషి, పాటలతో వాళ్ళని దారిలో పెట్టే టీచరు. సినిమా నేను రెండు మూడు సార్లు చూశాను గానీ, సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వరసగా ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. లైటు ఆర్పేసి, ఫోను పక్కన పడేసి.

బొమ్మ లేకుండా వింటే ఇంకో సంగతి జరుగుతుంది. కొండలు లేవు, పచ్చిక లేదు, పరదాలతో కుట్టిన గౌన్లు లేవు. గొంతులు మాత్రమే. పైగా పాత రికార్డులో పాటల వరస కూడా సినిమా వరస కాదు. సినిమాలో ముందే వచ్చేసే 'డో-రె-మి' రికార్డులో రెండో వైపుకి పోయింది. కథ అందించే చెయ్యి లేదు కాబట్టి, చెవి వేరే ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది. ఇది ఎవరి గొంతు? ఈ ట్యూను ఎవరిది? ఈ మాటలు ఎవరు రాశారు?

ఆ ప్రశ్నల దగ్గర మొదలైన గోలే ఇదంతా.

ఆల్బమ్ చివర్లో 'ఎడెల్వైస్' అని ఒక చిన్న పాట ఉంటుంది. కొండల్లో పూసే తెల్ల పువ్వు గురించి. దేశం చేజారిపోతున్నప్పుడు కెప్టెన్ వాన్ ట్రాప్ గిటారు పట్టుకుని పాడతాడు. చాలా ఏళ్ళు నేను అది ఆస్ట్రియా వాళ్ళ జానపదం అనుకున్నాను. ఎవరో ముసలి తాతలు వందల ఏళ్ళుగా పాడుతున్న పాటని సినిమావాళ్ళు తెచ్చి పెట్టుకున్నారని. నేనొక్కణ్ణే కాదు, ప్రపంచంలో బోలెడుమంది అలాగే అనుకుంటారు. కొందరైతే అది ఆస్ట్రియా జాతీయగీతమనే అనుకుంటారు!

కాదండీ. అది అమెరికాలో పుట్టిన పాట. 1959లో ఈ కథ ముందు నాటకంగా బ్రాడ్వే ఎక్కింది. దానికోసం రిచర్డ్ రోడ్జర్స్ ట్యూను కట్టాడు, ఆస్కార్ హామర్‌స్టీన్ మాటలు రాశాడు. హామర్‌స్టీన్ రాసిన ఆఖరి పాట అదే. 1960 ఆగస్టులో ఆయన పోయాడు. సినిమా తీసేనాటికి ఇంకో రెండు కొత్త పాటలు కావాల్సి వస్తే, 'ఐ హావ్ కాన్ఫిడెన్స్', 'సంథింగ్ గుడ్' అనే ఆ రెండింటికీ మాటలు కూడా రోడ్జర్సే రాసుకున్నాడు. క్రెడిట్లలో ఆ తేడా పదిలంగా ఉంటుంది: మిగతా పాటలకి ఇద్దరి పేర్లు, ఈ రెండింటికి ఒక్కడి పేరు. అరవై ఏళ్ళు దాటిన తర్వాత నాలాంటి వాడు ఎక్కడో కూర్చుని వెతికితే, ఏ పాట ఎవరిదో ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

అంటే, లోకమంతా జానపదం అనుకున్నా సరే, రాసినవాడి పేరు చెక్కుచెదరలేదన్నమాట. ఎందుకంటే ఎక్కడో ఒక గడిలో రాసి పెట్టారు. (మా నల్గొండ వైపు గడి అంటే దొరగారి కోట. నేను చెప్పేది ఫారంలో నింపే గడి గురించి. కంగారు పడకండి :))

సరే, ఆ ఫోల్డరు అయిపోయింది. దాని కిందదే 'మా భూమి'.

ఇది కూడా సౌండ్‌ట్రాకే. సినిమా పేరు తెలియనివాళ్ళు తక్కువే గానీ, కుర్రవాళ్ళ కోసం రెండు ముక్కలు. 1979 నాటి సినిమా. గౌతమ్ ఘోష్ డైరెక్టరు, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల ఆధారం. పేరు మాత్రం 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని గుర్తు చేస్తుంది. కథ మన దగ్గరిది: 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటం. వెట్టి, దొర, సంఘం, రజాకార్లు, చివరికి యూనియన్ సైన్యం.

హాలీవుడ్ మ్యూజికల్‌కీ దీనికీ పోలికేంటి అంటారా? నిజమే, అక్కడ గవర్నెసు, ఏడుగురు పిల్లలు. ఇక్కడ పశుల కాసే పిల్లగాడు. కానీ వినేవాడి వైపు నుంచి చూడండి. రెండు ఆల్బముల్లోనూ జనం గుర్తు పెట్టుకున్న పాటలు సినిమా కంటే ముందువే. అక్కడ నాటకంలోంచి వచ్చాయి, ఇక్కడ పోరాటంలోంచి వచ్చాయి. రెండు చోట్లా సినిమా అన్నది ఆ పాటలకి ఒక రికార్డింగు మాత్రమే. సినిమా మర్చిపోయినవాళ్ళు కూడా పాట మర్చిపోలేదు.

నా ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళ మీద మౌసు పెట్టి చూశాను. 'బండెనక బండి కట్టి': ఆర్టిస్టు గద్దర్. కంపోజర్ ఖాళీ. జానరు ఫోక్. 'పల్లెటూరి పిల్లగాడా': ఆర్టిస్టు 'అన్‌నోన్'. కంపోజర్ ఖాళీ. జానరు ఫోక్. ఆల్బమ్ పేరు దగ్గర ఎవరో మహానుభావుడు 'తెలంగాణ ఫోక్ హిట్స్' అని కొట్టాడు. ఆ మహానుభావుణ్ణి నేనే అయ్యుండే అవకాశం చాలా ఉంది. హాస్టల్లో ఉన్నప్పుడు ఇలాంటి పనులు చాలా చేశాను.

ఎడెల్వైస్ జానపదం కాదని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. 'పల్లెటూరి పిల్లగాడా' జానపదం కాదని నాకు ముందే తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు ఆ గడి ఖాళీగా ఉంచాను. ఎక్కువ సిగ్గుపడాల్సింది దేనికో మీరే చెప్పండి.

'పల్లెటూరి పిల్లగాడా' రాసింది సుద్దాల హనుమంతు. అప్పటి నల్గొండ జిల్లాలో సుద్దాల ఊరు, ఇప్పటి యాదాద్రి భువనగిరి వైపు. ఆంధ్రమహాసభలో, అంటే మా ఊళ్ళవాళ్ళ నోట్లో 'సంగం'లో పనిచేసిన మనిషి. గొల్లలు చెప్పుకునే గొల్లసుద్దుల్ని, బుర్రకథని తీసుకుని, వాటిల్లోకి దొర, వెట్టి, నాగు వడ్డీ కథలు ఎక్కించాడు. చదువు రాని జనానికి పత్రిక అదే, సభ అదే. ఈ పాటలో ఆయన చేసింది కూడా అంతే. పశుల వెంట పోయే ఒక చిన్న పిల్లగాణ్ణి ఆపి, పలకరించి, నీ ఒంటి మీద బట్టేదిరా, నీ కాళ్ళకి ఏమైందిరా అని ఒక్కొక్కటే అడిగినట్టు ఉంటుంది. ఉపన్యాసం లేదు. అడుగుడే. ఆ అడిగే తీరులో ఒక మనిషి ఉన్నాడు. వందమంది కలిసి ఊరికే అల్లుకుంటే వచ్చే పాట కాదది. ఆయన 1982లో పోయాడు. సినిమాలో తన పాట వచ్చిన తర్వాత కొద్దికాలమే.

'బండెనక బండి కట్టి' సంగతి ఇంకా ఘోరం. సగంమంది అది గద్దర్ రాశాడనుకుంటారు. సినిమాలో గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని గద్దర్ పాడిన తీరు అలాంటిది మరి. ఆ గొంతు విన్నాక ఇంకో మనిషి ఉన్నాడని ఎవరికి తోస్తుంది? 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు నాకు వాట్సాప్‌లో వచ్చిన నివాళుల్లో, 'ఆయన రాసిన అమర గీతం' అని ఈ పాటే మళ్ళీ మళ్ళీ కనిపించింది. గద్దర్ గొప్పతనానికి ఏ లోటూ లేదు, ఆయన రాసిన పాటలు ఆయనకి చాలినన్ని ఉన్నాయి. కానీ ఈ పాట బండి యాదగిరిది. నల్గొండ జిల్లా పోరాటంలో తుపాకీ పట్టి, అందులోనే ప్రాణం పోగొట్టుకున్న మనిషి. ఆయన మిగిల్చి పోయిందల్లా పాటే. దాని మీద పేరు కూడా లేకపోతే ఇంక మిగిలిందేంటి?

హనుమంతు గారి పేరు కొంత నిలిచింది. కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా కవి అయ్యాడు, 'ఠాగూర్' (2003) పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు, తండ్రి పేరు జనానికి గుర్తు చేస్తూ ఉన్నాడు. పాట రాసిన ప్రతివాడికీ అలాంటి కొడుకు పుట్టాలంటే కష్టం కదా.

ఇప్పుడు హాలీవుడ్ వాళ్ళని మరీ నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. వాళ్ళ దొంగతనాలు వాళ్ళకున్నాయి. ఎడెల్వైస్ సినిమాలో పాడింది కెప్టెన్ వేషం వేసిన క్రిస్టఫర్ ప్లమర్ కాదు, బిల్ లీ అనే గాయకుడు. ఇంక మార్నీ నిక్సన్ అని ఒకావిడ ఉండేది. 'ది కింగ్ అండ్ ఐ' (1956)లో డెబొరా కెర్‌కి, 'వెస్ట్ సైడ్ స్టోరీ' (1961)లో నటాలీ వుడ్‌కి, 'మై ఫెయిర్ లేడీ' (1964)లో ఆడ్రీ హెప్బర్న్‌కి పాటలు పాడింది ఆవిడే. తెర మీద పేరు లేదు. మనకి ప్లేబ్యాక్ అలవాటైన పని కాబట్టి విడ్డూరంగా ఉంటుంది గానీ, అక్కడ హీరోయినే పాడిందని జనాన్ని నమ్మించాలి, అందుకని గాయని పేరు దాచేశారు. 'వెస్ట్ సైడ్ స్టోరీ' రికార్డు అమ్మకాల్లో నాకూ వాటా కావాలని ఆవిడ అడిగితే నిర్మాతలు కుదరదన్నారు. చివరికి సంగీతం కట్టిన లెనర్డ్ బెర్న్‌స్టీన్ తన వాటాలోంచి పావు శాతం ఇచ్చాడు. పావు శాతం చిన్నదే. కానీ ఒక పనివాడు ఇంకో పనివాడి పని గుర్తించి తన జేబులోంచి తీసి ఇచ్చాడు, చూడండి, అది చిన్నది కాదు.

మనమూ తక్కువ తినలేదు. 'మహల్' (1949) రికార్డు మీద లత పేరు లేదు. 'కామిని' అని సినిమాలో పాత్ర పేరు వేశారు! పాడిందెవరు అని రేడియోకి ఉత్తరాలు పోతే గానీ లత పేరు బయటికి రాలేదంటారు.

నాకర్థమైంది ఏంటంటే, రికార్డు అనే వస్తువు ఈ ప్రశ్నని దాటేయనివ్వదు. సినిమా హాల్లో పేర్లు వేసేటప్పటికి మనం ఇంకా సీటు వెతుక్కుంటూ ఉంటాం. రికార్డు ఇంటికొస్తుంది. చేతిలో పట్టుకుని, తిప్పి, చదువుతాం. పేరు ఉంటే ఉన్నట్టు తెలుస్తుంది, లేకపోతే లేనట్టు కూడా తెలుస్తుంది. గ్రామఫోను ప్లేటు మధ్యలో ఆ గుండ్రటి కాగితం మీద పాట, సినిమా, పాడినవారు, సంగీతం అని అచ్చేసేవాళ్ళు. ఎల్పీ అట్ట వెనక ఇంకా చోటు దొరికింది. క్యాసెట్టుకి ఇన్‌లే కార్డు.

ఆ తర్వాత దాన్ని చెడగొట్టింది ఎవరో తెలుసా? మా కులంవాళ్ళే. సాఫ్ట్‌వేర్ వాళ్ళు!

ఆడియో సీడీ మొదట వచ్చినప్పుడు దాని మీద పాటల పేర్లే ఉండవు. కంప్యూటర్లో పెడితే 'ట్రాక్ 01, ట్రాక్ 02' అని వచ్చేది అందుకే. తర్వాత ఎమ్పీత్రీ వచ్చింది. ఫైలు చివర 128 బైట్లు తగిలించి పాట వివరాలు పెట్టుకునే పద్ధతి 1996లో పుట్టింది, ఐడీత్రీ ట్యాగ్ అంటారు. అందులో ఏమున్నాయో చూడండి. పాట పేరుకి 30 అక్షరాలు, ఆర్టిస్టుకి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, కామెంటుకి 30, జానరుకి ఒక్క బైటు. అంతే. సంగీతం కట్టినవాడికి గడి లేదు. మాట రాసినవాడికి గడి లేదు. ఖాళీ అని కూడా అనడానికి లేదు, అసలు గడే లేదు! రెండో వెర్షన్లో కంపోజరుకీ, గీత రచయితకీ వేరు వేరు గడులు వచ్చాయి. అప్పటికే హాస్టళ్ళలో మేమంతా కోట్ల పాటలు ముప్పై అక్షరాల్లో ఇరికించేశాం. పాడినవాడొక్కడే ఆర్టిస్టు అయిపోయాడు. మిగతావాళ్ళు ఫోక్ అయిపోయారు.

ఇదేదో ఒక్కరి కుట్ర అనను. డేటా మోడల్ తప్పు. ఫారంలో గడి లేకపోతే, లోకంలో ఆ మనిషి లేడు. రేషను కార్డు ఆఫీసులో తిరిగినవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మిత్రుడితో నాకు గొడవైంది. ఉద్యమ పాటలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన అనేదేంటంటే... "అన్నా, నువ్వు దాన్ని ప్రైవేటు ఆస్తి చేస్తున్నవ్. ఆ పాటలు ప్రజలవి. రాసినోళ్ళే పేరు పెట్టుకోలేదు. నడుమల నీదేంది?"

ఇది తీసిపారేసే మాట కాదు. ఆ రోజుల్లో పేరు పెట్టుకోకపోవడానికి కారణం ఉంది. పేరు చెబితే పోలీసులు ఇంటికొస్తారు, రజాకార్లు ఊరి మీద పడతారు. ఇంకొకటి, ఆ పాట ఊరు దాటే కొద్దీ మారింది. ఒక ఊళ్ళో దొర పేరు ఇంకో ఊళ్ళో ఇంకో దొర పేరు అయింది. కొత్త చరణాలు చేరాయి. ఇదిగో ఇది హనుమంతుది, ఇది కాదు అని గీత గీయడం చాలా చోట్ల కుదరదు.

కానీ నా వృత్తి ఏంటి? ఓపెన్ సోర్సు మీద బతికే వృత్తి. ఎవరో రాసిన కోడు తీసుకుంటాం, మార్చుకుంటాం, అమ్ముకుంటాం కూడా. బీఎస్‌డీ లైసెన్సో, ఎమ్ఐటీ లైసెన్సో చదివిచూడండి, చాలా చిన్నవి. ఏమైనా చేసుకో, ఎంతైనా మార్చుకో, డబ్బులు కూడా వద్దు. ఒక్కటే షరతు: పైన నా పేరున్న లైను తీసెయ్యకు. ప్రపంచంలో కోట్లాది కంప్యూటర్లు ఆ ఒక్క షరతు మీద నడుస్తున్నాయి. అందరిదీ కావడానికీ, రాసినవాడి పేరు ఉండడానికీ మధ్య తగువేమీ లేదు. నలుగురు మారిస్తే నలుగురి పేర్లూ ఉంటాయి, ఎవరు ఏ లైను మార్చారో లాగులో ఉంటుంది. పాటకీ అంతే. "మూలం: బండి యాదగిరి. పాడినది: గద్దర్. మా ఊరి చరణం: ఫలానా" అని మూడు లైన్లు రాస్తే పాట ప్రజలది కాకుండా పోతుందా?

నా మిత్రుడి మాటలో ఇంకో చిక్కు ఉంది. 1948లో పేరు దాచింది భయంతో. ఇప్పుడు భయం లేదు కదా? ఇప్పుడు పేరు లేకపోవడం మన బద్ధకం. దాన్ని వాళ్ళ త్యాగం కింద జమ కట్టడం అన్యాయం. పైగా 'ఇది ప్రజల పాట' అనే ఆ మాటే వ్యాపారం చేసేవాడికి ఎంత సుఖమో చూడండి. ఎవరిదీ కాని పాటకి ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. దొర పొలం మీద రాసిన పాట కూడా కబ్జా భూమి అయిపోయింది.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. మన కాపీరైటు చట్టం 1957ది. రచయిత పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. రిజిస్టరు చేయించుకోవాలని ఏమీ లేదు, రాస్తే చాలు. 1982లో పోయిన హనుమంతు గారి పాటలు ఆ లెక్కన 2042 చివరిదాకా ఆయన వారసులవి. యాదగిరి పాట గడువు ఎప్పుడో తీరింది. కానీ అదే చట్టంలో 57వ సెక్షను ఉంది: హక్కులు అమ్మేసుకున్నా సరే, 'ఇది నేను రాశాను' అని చెప్పుకునే హక్కు రచయితదే. డబ్బు వేరు, పేరు వేరు అని చట్టమే అంటోంది. 2012లో చట్టం సవరించి, సినిమా పాటలు బయట ఎక్కడ మోగినా గీత రచయితకీ, సంగీతకారుడికీ రాయల్టీలో సమాన వాటా ఉండాలన్నారు. మంచిదే. అయితే ఆ వాటా చేరాలంటే ముందు ఆ గడిలో పేరుండాలి కదా!

ఇదంతా గడిచిపోయిన కథ అని కూడా అనడానికి లేదు. మా అమ్మగారి వైపు పాలమూరు. అక్కడ గోరటి వెంకన్న రాసిన 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 'కుబుసం' (2002) సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ పాడగా ఇంటింటికీ పోయింది. వలస పోయిన ఊళ్ళ మీద, మూతబడ్డ కుమ్మరి వాము మీద, చేతిపనుల మీద రాసిన పాట. నా కళ్ళ ముందు పుట్టిన పాట, నా కళ్ళ ముందే జానపదం అయింది. మా అమ్మమ్మవాళ్ళ ఊళ్ళో ఒక పెళ్ళి బ్యాండు కుర్రాడు, అది తాతల నాటి పాట అని నాతో బల్లగుద్ది వాదించాడు. కాకపోతే వెంకన్న గారు మన మధ్య ఉన్నారు, సభల్లో పాడారు, 2021కి సాహిత్య అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. కాబట్టి ఆ వాదన నేను గెలిచాను. యాదగిరి కోసం ఎవరు వాదిస్తారు?

పాట జానపదం కావడం రచయితకి దక్కే పెద్ద గౌరవం అని అంటుంటారు. నిజమే, ఒప్పుకుంటాను. హామర్‌స్టీన్‌కి కూడా ఆ గౌరవం దక్కింది. పేరు పోకుండా దక్కింది. నేనడిగేది అదొక్కటే.

ఆ ఆదివారం సాయంత్రం నాయినమ్మకి ఫోన్ చేశాను. ఆమెది సూర్యాపేట పక్కన ఊరు. తొంభైకి దగ్గర పడింది. పోరాటం రోజుల్లో పదేళ్ళ పిల్ల. పిల్లగాడి పాట ఫోన్లో వినిపించి, "నాయినమ్మా, గీ పాట ఎవరు రాసిన్రో ఎరికేనా?" అన్నాను.

"రాసుడేంది బిడ్డా, పాడుడే. అప్పుడు మాకు రాసుడొచ్చిందా?"

"మరి మొదలు ఎవరు పాడిన్రు?"

"సంగపోళ్ళు రాత్రి పూట వచ్చి పాడేది. మేం నేర్సుకున్నం. గీమె పాడినట్టు కాదు, ఇంకింత నెమ్మదిగ పాడేది."

హనుమంతు పేరు చెప్పాను. విన్నట్టే ఉంది అంది, అంతకంటే గుర్తు లేదు. నాకు కొంచెం నిరాశ అనిపించింది. ఇంక పెట్టేద్దాం అనుకుంటుంటే ఆమే అందుకుంది.

"సంగపోళ్ళ పాటలు నాకెర్క లేవు గని, మేం నాట్లేసేటప్పుడు పాడేది ఒకటి ఉన్నది. గది మా మేనత్త కట్టిన పాట."

నాకు తెలుసు ఆ పాట. చిన్నప్పటి నుంచి విన్నదే. ఇన్నేళ్ళూ అది ఊరి పాట అనుకున్నాను. అందరూ పాడతారు కాబట్టి ఎవరిదీ కాదనుకున్నాను. సుద్దాల హనుమంతు గురించి ఇంత ఉపన్యాసం దంచుతున్న నేను, మా ఇంట్లో పాట కట్టిన మనిషి ఉందని అడగనైనా అడగలేదు.

"ఏం పేరు నాయినమ్మా ఆమెది?"

"నువ్వేం జేస్తవ్ పేరు?"

"రాసుకుంట."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పేరు చెప్పింది. ఇంటి పేరు కూడా చెప్పింది, అదీ పుట్టింటిది.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఆ పాట ఫోన్లో రికార్డు చేసుకున్నాను, వెనకాల కోళ్ళ చప్పుడుతో సహా. ఆ ఫైలు తెరిచాను. ఆర్టిస్టు దగ్గర నాయినమ్మ పేరు కొట్టాను. గీత రచయిత గడిలో ఆమె మేనత్త పేరు. జానరు దగ్గర ఫోక్ అని ఉంటే అలాగే ఉంచాను, అది తప్పేం కాదు. తర్వాత పైకి పోయి, పిల్లగాడి పాటకి సుద్దాల హనుమంతు అనీ, బండెనక బండికి బండి యాదగిరి అనీ రాశాను. మూడు పాటలకీ కలిపి రెండు నిమిషాలు పట్టింది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరికి ఒక పాట వచ్చి ఉంటుంది. బతుకమ్మదో, నాట్లదో, సంఘందో. పాట రికార్డు చెయ్యడం ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారు. చేసేటప్పుడు ఇంకొక్క ప్రశ్న అడగండి, ఇది ఎవరు కట్టిన్రు అని. తెలియదంటే తెలియదని రాయండి. తెలిసిన మనిషి ఇంకా ఉన్నప్పుడే అడగండి.